4,29,49,67,297: ఒక పెద్ద సంఖ్య చుట్టూ అపోహలు, వాస్తవాలు

డిగ్రీ విద్యార్థులకు సంఖ్యా సిద్ధాంతం చెప్పేటప్పుడు నేను తప్పకుండా బోర్డు మీద రాసే సంఖ్య ఇది: 2³² + 1. ఇది ప్రధాన సంఖ్యా కాదా అని అడిగితే దాదాపు ఇవే మాటలు వినిపిస్తాయి.

అపోహ: చిన్న సంఖ్యలతో పోలేదు కాబట్టి ప్రధాన సంఖ్యే.

వాస్తవం: చివరి అంకె 7, కనుక 2, 5 పోవు. అంకెల మొత్తం 59, కనుక 3 పోదు. 7, 11, 13 కూడా పోవు. చాలామంది ఇక్కడే పెన్ను కింద పెట్టేస్తారు. కానీ ప్రధాన సంఖ్య అని తేల్చాలంటే వర్గమూలం దాకా ఉన్న ప్రధాన సంఖ్యలన్నిటితో భాగించి చూడాలి. దీని వర్గమూలం 65,536 దాటుతుంది. ఆ లోపు 6,542 ప్రధాన సంఖ్యలున్నాయి!

అపోహ: గణితజ్ఞుడు ఫెర్మా అంతటివాడు ఇది ప్రధాన సంఖ్యేనన్నాక తిరుగేముంది?

వాస్తవం: 2³² + 1లో 32 బదులు ఘాతం 1, 2, 4, 8, 16 అయినప్పుడు వచ్చే 3, 5, 17, 257, 65537 ఐదూ ప్రధాన సంఖ్యలే. ఈ వరసలో తర్వాతివీ అంతేనని 1640లో ఫెర్మా నమ్మాడు. నిరూపణ తన దగ్గర లేదనీ చెప్పాడు. 1732లో మరో గణితజ్ఞుడు ఆయిలర్ 2³² + 1ని విడగొట్టాడు: 641 × 67,00,417. విచిత్రమేమిటంటే, ఫెర్మా పేరుతోనే ఉన్న చిన్న సిద్ధాంతాన్ని (p ప్రధాన సంఖ్యై, aలో p పోకపోతే, a ఘాతం p−1ని pతో భాగిస్తే శేషం 1 రావాలి) a = 3తో ప్రయోగిస్తే ఇది ప్రధాన సంఖ్య కాదని తేలిపోతుంది. 2తో ప్రయోగిస్తే మాత్రం శేషం 1 వచ్చి మోసం చేస్తుంది.

అపోహ: 641 గుడ్డిగా దొరికి ఉంటుంది.

వాస్తవం: 641 ప్రధాన సంఖ్యల్లో 116వది. అయితే ఈ సంఖ్యకున్న ఏ ప్రధాన కారణాంకమైనా, 64తో భాగిస్తే శేషం 1 ఇవ్వాలి. ఆ నియమాన్ని నిరూపించింది ఆయిలరే. అలాంటి ప్రధాన సంఖ్యలు 193, 257, 449, 577, 641... అంటే ఐదో భాగాహారానికే పని అయిపోతుంది.

అపోహ: కాలిక్యులేటర్ లేకుండా సరిచూడలేం.

వాస్తవం: అసలు భాగాహారమే అక్కర్లేదు. నాకు ఈ నిరూపణంటే మహా ఇష్టం.

641 = 5×2⁷ + 1. అంటే 641తో భాగించేటప్పుడు 5×2⁷ బదులు −1 రాసుకోవచ్చు. నాలుగో ఘాతానికి వెళితే 5⁴×2²⁸ ఇచ్చే శేషం 1. మరోపక్క 641 = 625 + 16, అంటే 5⁴ + 2⁴. కనుక 5⁴ బదులు −2⁴ రాయొచ్చు. రాస్తే −2³² ఇచ్చే శేషం 1 అవుతుంది. అంటే 2³² + 1లో 641 నిశ్శేషంగా పోతుంది. రెండు లైన్ల పని.

అపోహ: కారణాంకం చూపిస్తేనే ప్రధాన సంఖ్య కాదని ఒప్పుకోవాలి.

వాస్తవం: అక్కర్లేదు. ఇదే వరసలో ఘాతం 1,67,77,216 అయిన సంఖ్యకు 50 లక్షలకు పైగా అంకెలుంటాయి. అది ప్రధాన సంఖ్య కాదని 1999లో తేలింది. దాని కారణాంకం ఒక్కటీ ఇంతవరకు బయటపడలేదు.

అపోహ: ఇవి కాగితం మీది సరదాలే.

వాస్తవం: సమాచారాన్ని రహస్యంగా పంపే ఆర్ఎస్ఏ ఎన్‌క్రిప్షన్‌లో పబ్లిక్ కీ (అందరికీ తెలిసే తాళం) ఘాతంగా 65537ని నేటికీ విరివిగా వాడుతున్నారు. ఇక జ్యామితి సంగతి. స్కేలు, వృత్తలేఖినితో 17 భుజాల క్రమ బహుభుజి గీయొచ్చని 1796లో గణితజ్ఞుడు గాస్ కనిపెట్టాడు. భుజాలు బేసి సంఖ్యలో ఉంటే, ఆ సంఖ్య ఫెర్మా ప్రధాన సంఖ్యల్లో (పై వరసలో వచ్చే ప్రధాన సంఖ్యల్లో) ఒకటో, వేర్వేరు వాటి లబ్ధమో కావాలి. తెలిసినవి ఆ ఐదే. వాటిని గుణిస్తే 4,29,49,67,295 వస్తుంది, మన సంఖ్యకు సరిగ్గా రెండు తక్కువ. ఇంతకన్నా ఎక్కువ బేసి భుజాలతో అలా గీయగల క్రమ బహుభుజి ఇప్పటికైతే ఎవరికీ తెలియదు.