మితవాద వ్యాఖ్యాతల పుస్తకాలు: అపోహలు - వాస్తవాలు

నల్లగొండలో నేను గ్రంథపాలకుడిగా పనిచేస్తూ ఇరవై ఏళ్లు దాటింది. గ్రూప్స్‌కు, సివిల్స్‌కు చదువుకునే పిల్లలు కొంతకాలంగా ఫోన్ పట్టుకొని నా బల్ల దగ్గరికి వస్తున్నారు. అందులో ఒక అమెరికన్ మితవాద, అంటే రైట్ వింగ్, వ్యాఖ్యాత ఎవరో విద్యార్థి నోరు రెండు నిమిషాల్లో మూయించిన వీడియో ఉంటుంది. "సార్, ఈయన బుక్కున్నదా?" అని అడుగుతారు. ఈ ప్రశ్న వెనుక ఉన్న అపోహ వల్లే పాఠకులు ఎక్కువగా నష్టపోతున్నారు కనుక ముందు దాని సంగతే రాస్తాను.

అపోహ: తెర మీద గట్టిగా వాదించేవాడి పుస్తకం గట్టిగానే ఉంటుంది, లక్షల్లో అమ్ముడుపోతే ఇక సందేహమే అక్కరలేదు.

వాస్తవం: ఆ వీడియోలో ఎదుట నిలబడింది ఏ సన్నాహమూ లేని విద్యార్థి. పుస్తకంలో ఎదుట నిలబడవలసింది అవతలి పక్షంలోని అత్యంత సమర్థుడు. అమ్మకాల లెక్కను చూసి కూడా మోసపోకూడదు. టోకు ఆర్డర్లు వచ్చాయని కొందరు దుకాణదారులు చెప్పిన పుస్తకాల పక్కన న్యూయార్క్ టైమ్స్ తన జాబితాలో బాకు గుర్తు (†) వేస్తుంది. అంటే పాఠకులు ఒక్కొక్కరుగా కొన్నవే కాక, సంస్థలు కట్టలుగా కొని పంచినవి కూడా ఆ అంకెల్లో కలిసి ఉండవచ్చు.

ఈ పొరపాటు నేనూ చేశాను. ఒక ఎన్నికల ఏడాది అందరూ అడుగుతున్నారని ఒకే వ్యాఖ్యాత పుస్తకం నాలుగు ప్రతులు తెప్పించాను. మా చిన్న కేటాయింపులో అది పెద్ద ఖర్చే. మొన్న స్టాకు తనిఖీలో వాటిని దింపి చూస్తే, నాలుగింటి గడువు చీటీల మీద కలిపి అయిదు తేదీ ముద్రలే ఉన్నాయి, అవీ ఆ ఎన్నికలకు ముందువే. అదే అరలో ఉన్న అమెరికన్ ఆర్థికవేత్త థామస్ సోవెల్ 1987 నాటి 'ఎ కాన్‌ఫ్లిక్ట్ ఆఫ్ విజన్స్'కు మాత్రం మొదటి చీటీ నిండిపోయి, దాని మీద రెండోది అతికించి ఉంది. సోవెల్ యవ్వనంలో మార్క్సిస్టు. మనిషి స్వభావాన్ని మార్చవచ్చని నమ్మిన ఆంగ్ల తత్వవేత్త విలియం గాడ్విన్ వంటివారి ఆలోచనను ఆయన ముందుగా సావధానంగా వివరించి, ఆ తరువాతే దాన్ని మనిషి స్వభావానికి హద్దులున్నాయనే రెండో ఆలోచన పక్కన పెట్టి చూపిస్తాడు. అందువల్ల ఆయనతో ఏకీభవించని పాఠకుడు కూడా ఆ పుస్తకం నుంచి ఏదో ఒకటి నేర్చుకొనే వెళ్తాడు.

కనుక ఏ పుస్తకమైనా చేతికి తీసుకోగానే, ప్రత్యర్థి వాదనను చెప్పిన పేజీ ఎక్కడుందో వెతకండి. అక్కడ ప్రత్యర్థి మూర్ఖుడిగానో దుర్మార్గుడిగానో మాత్రమే కనిపిస్తే పుస్తకాన్ని తిరిగి అరలో పెట్టేయవచ్చు. ఆ తరువాత వెనుక పేజీల్లోని ఆధారాలు చూడండి. అవన్నీ వార్తా క్లిప్పింగులూ రచయిత సొంత వ్యాసాలూ అయితే ఆ పుస్తకానికి ఆయుష్షు తక్కువ.

అపోహ: ఈ పుస్తకాలు చదివితే ఆ పక్షం వాళ్లమైపోతాం.

ఈ మాట చెప్పేవారి మీద నాకు కోపం వస్తుంది కానీ, విని భయపడేవారి మీద రాదు. కమ్యూనిస్టుల సాయుధ పోరాటం నడిచిన జిల్లా మాది, ఇక్కడ పుస్తకం అట్టను చూసి మనిషిని అంచనా వేసే ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి. దేవరకొండ వైపు నుంచి వచ్చే ఒక అబ్బాయి, మితవాద ఆలోచనకు ఆద్యుడిగా చెప్పుకొనే బ్రిటిష్ పార్లమెంటు సభ్యుడు ఎడ్మండ్ బర్క్ 1790లో ఫ్రెంచి విప్లవాన్ని విమర్శిస్తూ రాసిన పుస్తకం ఇష్యూ చేయించుకొని, అట్టకు పాత పేపరు చుట్టడం మొదలుపెట్టాడు. "తాత సంఘంల పని చేసిండు సార్, చూస్తే బాధపడ్తడు" అన్నాడు. నేను కుర్చీ చూపించి కూర్చోబెట్టాను. రాజు తల తెగడానికి రెండేళ్లకు పైగా ముందే, నెపోలియన్ గద్దెనెక్కడానికి తొమ్మిదేళ్ల ముందే, ఆ విప్లవం చివరకు సైన్యాన్ని తన వైపు తిప్పుకోగల సేనాపతి చేతిలో పడుతుందని బర్క్ రాశాడని చెప్పాను. మన దేశంలో చేసిన అక్రమాలకు గవర్నర్ జనరల్‌గా పనిచేసిన వారన్ హేస్టింగ్స్‌ను బ్రిటిష్ పార్లమెంటు ముందు నిలబెట్టి, 1788 నుంచి 1795 దాకా సాగిన ఆ విచారణను నడిపించిన వారిలో ముఖ్యుడు ఆయనేననీ, చివరకు హేస్టింగ్స్ నిర్దోషిగా బయటపడ్డాడనీ చెప్పాను. బర్క్‌కు జవాబుగా 1791లో థామస్ పెయిన్ రాసిన 'రైట్స్ ఆఫ్ మ్యాన్'ను కూడా అతని పేరు మీదే రాసి, రెండూ కలిపి తీసుకుపొమ్మన్నాను. అబ్బాయి చుట్టిన పేపరు విప్పి నా బల్ల మీదే వదిలి వెళ్లాడు.

మిగిలినవి క్లుప్తంగా చెబుతాను. అట్ట మీద పేరున్నవారే పుస్తకం రాశారనుకోవద్దు. అమెరికన్ సెనేటర్ బారీ గోల్డ్‌వాటర్ పేరుతో 1960లో వచ్చిన ప్రసిద్ధ పుస్తకాన్ని రాసింది బ్రెంట్ బోజెల్. దుకాణంలో ఏ అరలో పెట్టారన్నదీ ప్రమాణం కాదు. ఆర్థికవేత్త హయెక్‌ను అందరూ మితవాదుల వరుసలోనే పెడతారు. ఆయన 1944 నాటి పుస్తకాన్ని అన్ని పార్టీల్లోని సోషలిస్టులకు అంకితమిచ్చాడు, 1960లో తాను కన్జర్వేటివ్‌ను ఎందుకు కానో వివరిస్తూ ప్రత్యేకంగా ఒక వ్యాసమే రాశాడు. ఇక అమెరికా వ్యాఖ్యాతల మాటలను మన రాజకీయాలకు నేరుగా అన్వయించకండి. ఇక్కడి మితవాద ఆలోచన తెలియాలంటే 1959లో రాజాజీ, ఎన్.జి. రంగా వంటివారు స్వతంత్ర పార్టీ ఎందుకు పెట్టారో ముందు చదవాలి. రైతుల భూములను కలిపి చేసే సహకార సేద్యం మీదా, వ్యాపారానికి ప్రభుత్వం ఇచ్చే పర్మిట్ల మీదా వాళ్లు లేవనెత్తిన అభ్యంతరాలు మన భూముల, మన వ్యాపారాల గురించినవే.