గుర్రాలు లాగలేనిదాన్ని షాంపూ సీసా లాగేసింది

అర్ధరాత్రి బాత్రూమ్‌లో ధడేల్‌మని చప్పుడు. లైటేసి చూస్తే నేల మీద షాంపూ సీసా, సగం అరిగిన సబ్బు, మూత ఊడిన కొబ్బరినూనె డబ్బా. గోడకు అంటించిన ప్లాస్టిక్ స్టాండు మగ్గు పక్కన బోర్లా పడి ఉంది. డ్రిల్లింగ్ అక్కర్లేదు, పది కిలోలు మోస్తుంది అని దాని అట్టపెట్టె మీద రాసుంది. పదకొండు రోజులు మోసింది.

ఆ రాత అచ్చంగా అబద్ధమూ కాదు, అదే చిరాకు. స్టాండు వెనక మెత్తటి కప్పులుంటాయి. వాటిని గోడకేసి నొక్కితే లోపలి గాలి బయటికి పోతుంది. ఇక బయటి గాలి కప్పును గోడకు అదిమిపెడుతుంది. కప్పు గోడను పట్టుకోదు, గాలే దాన్ని నెడుతుంది. ఆ నెట్టుడు చదరపు సెంటీమీటరుకు దాదాపు ఒక కిలో బరువుతో సమానం. 6 సెంటీమీటర్ల వెడల్పున్న కప్పు లోపల గాలి బొత్తిగా లేకపోతే 28 కిలోలు పెట్టి నొక్కినట్టే.

1650ల్లో జర్మనీలోని మాగ్డెబర్గ్‌కు చెందిన ఒట్టో వాన్ గెరికె రెండు రాగి అర్ధగోళాలను ఒకదానికొకటి ఆనించి, లోపలి గాలి తోడేశాడు. రెండు వైపులా గుర్రాలను కట్టి లాగించినా అవి విడిపోలేదు. కవాటం తిప్పి గాలి వదిలితే మాత్రం ఉత్త చేతులకే ఊడొచ్చాయి.

మన బాత్రూమ్‌లో ఆ కవాటం పని చేసేది టైల్స్ మధ్య వైట్ సిమెంట్ సందు. కప్పు అంచు దాని మీద పడిందంటే గాలి మెల్లగా లోపలికి దూరుతూనే ఉంటుంది. గరుకు టైల్స్ అయితే సందు కూడా అక్కర్లేదు. పైగా గుర్రాలు అర్ధగోళాల్ని చెరో వైపుకీ లాగాయి, సీసా బరువేమో కప్పును గోడ వెంబడి కిందికి లాగుతుంది. కిందికి జారకుండా ఆపేది కప్పుకూ టైలుకూ మధ్య ఉండే రాపిడి. అక్కడ సబ్బునీళ్లు చేరాయో, అంతే సంగతులు. గీజరు వేడికి ఆ ప్లాస్టిక్ మెత్తబడి బిగువు కూడా కోల్పోతుంది. వీటిలో ఏ ఒక్కటీ షాపులోని పొడి అద్దం మీద జరగదు.

సరే, ఈసారి స్టీలుదే తెద్దామని వెళ్లాను. షాపతను అయస్కాంతం తెచ్చి, చూడండి సార్ అంటుకోవట్లేదు, ఒరిజినల్ అన్నాడు. మూడు నెలలకు అతుకుల దగ్గర తుప్పు మరకలు మొదలయ్యాయి. స్టీలును కాపాడేది క్రోమియం ఆక్సైడ్ పొర. దాని మందం కొన్ని నానోమీటర్లే. మేలైన 304 రకం స్టీలులో సుమారు 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ ఉంటాయి. చవకైన 200 సిరీస్‌లో నికెల్ తగ్గించి మాంగనీసు కలుపుతారు, కొన్నిట్లో క్రోమియమూ తక్కువే. అయస్కాంతం మామూలుగా రెండింటికీ అంటుకోదు! ఇక బోరు నీళ్లలోని క్లోరైడ్లు, టైల్స్ కడిగే యాసిడ్ తుంపర్లు ఆ పొరను తినేస్తాయి.

మా అమ్మమ్మగారి ఇంట్లో స్నానాలగది గోడకు గూడు ఉండేది. అడుగు కాస్త ముందుకు వాలుగా ఉండడంతో నీళ్లు నిలిచేవి కావు, సబ్బు నానేది కాదు. అలాంటిది పెట్టమని మేస్త్రీని అడిగితే, గోడ నాలుగున్నర అంగుళాలే, లోపల పైపులున్నాయి అన్నాడు. ప్రస్తుతానికి సబ్బు కిటికీ గట్టు మీద ఉంటోంది.