చెట్టు కింద పాఠం, చెట్టు గురించిన పాఠం

ఏటా జూన్ 5న ప్రపంచ పర్యావరణ దినోత్సవం వస్తుంది. తెలుగు రాష్ట్రాలు రెండింటిలోనూ బడులు సాధారణంగా జూన్ 12 ప్రాంతంలో తెరుచుకుంటాయి కనుక, ఆ రోజున తరగతి గదులకు తాళాలే ఉంటాయి. బడి పిల్లల కోసం ఉద్దేశించిన ఉత్సవం పిల్లలు బడిలో లేని రోజున రావడం ఎవరి తప్పూ కాదు. 1972లో స్టాక్‌హోంలో ఐక్యరాజ్యసమితి సమావేశం జూన్ 5న మొదలైంది కాబట్టి ఆ తేదీ ఖాయమైంది, మన వేసవి సెలవులు దానికి తెలియవు. అయితే ఒకటో తరగతి నుంచి ఐదో తరగతి దాకా పిల్లలకు ప్రకృతి గురించి ఎలా చెప్పాలన్న ప్రశ్న మన దేశంలో నడిచిన తీరును చూస్తే, ఇలాంటి పొసగనితనం తేదీ దగ్గర ఆగలేదని తెలుస్తుంది.

మన ప్రాథమిక పాఠశాలల్లో ఉన్న ‘పరిసరాల విజ్ఞానం’ అనే సబ్జెక్టు రెండు వేర్వేరు దారుల్లో వచ్చింది. మొదటిది బోధన దారి: పిల్లవాడు పుస్తకం కంటే ముందు తన చుట్టూ ఉన్నదాన్ని చూడాలి, తాకాలి, లెక్కపెట్టాలి, ప్రశ్నించాలి అన్నది దాని మాట. రెండోది చట్టం దారి: అడవులు తరిగిపోతున్నాయి, నదులు మురికవుతున్నాయి కనుక రేపటి పౌరులకు ఇప్పుడే బాధ్యత నేర్పాలి అన్నది దీని మాట. వయసులో మొదటిదే పెద్దది. రెండోదాని వెనుక రాజ్యాంగం, సుప్రీంకోర్టు, ప్రభుత్వ పథకాలు నిలబడ్డాయి. రెండూ ఒకే పాఠ్యపుస్తకంలోకి వచ్చి చేరాయి గాని, అందులో ఒకదానితో ఒకటి సరిగా కలిశాయని చెప్పడం కష్టం.

మొదటి దారి మూలాలు వలస పాలన కాలంలోనే కనిపిస్తాయి. వైస్రాయ్ కర్జన్ హయాంలో 1904లో వెలువడిన విద్యావిధాన తీర్మానం, పల్లె బడి పని వ్యవసాయం నేర్పడం కాదని, పిల్లలను పరిశీలించేవాళ్లుగా, ఆలోచించేవాళ్లుగా, ఎంత చిన్న స్థాయిలోనైనా ప్రయోగాలు చేసేవాళ్లుగా తయారుచేయడమని చెప్పింది. అంతకు మూడేళ్ల ముందు, 1901లో, రవీంద్రనాథ్ ఠాగూర్ శాంతినికేతన్‌లో కొద్దిమంది పిల్లలతో చెట్ల కింద బడి ప్రారంభించాడు. 1937 అక్టోబరులో గాంధీజీ వార్ధాలో జరిపిన విద్యా సమావేశం తర్వాత జాకిర్ హుస్సేన్ కమిటీ తయారుచేసిన మౌలిక విద్యా ప్రణాళికలో రాట్నం, చేతిపనులే అందరికీ గుర్తుండిపోయాయి. అందులోని సామాన్య శాస్త్రం భాగంలో ప్రకృతి పరిశీలన ఉందని, మొక్కలు, జంతువులు, ఆరోగ్యంతోపాటు నక్షత్రాలను గుర్తుపట్టడం కూడా ఉందని గుర్తున్నవాళ్లు తక్కువ. కచ్చితంగా చూసే అలవాటు చేయడం ఆ భాగం లక్ష్యాల్లో ఒకటి. మౌలిక విద్య నడిచిన చోట్ల తోటపని మిగిలింది గాని, రాత్రి ఆకాశం వైపు పిల్లల తలలు ఎత్తించిన బడులు ఎన్ని ఉంటాయో ఊహించుకోవచ్చు.

స్వాతంత్ర్యం తర్వాత 1950లో అప్పటి కేంద్ర ఆహార, వ్యవసాయ మంత్రి కె.ఎం. మున్షీ వన మహోత్సవాన్ని ప్రారంభించాడు. మొక్క నాటడం ఒక జాతీయ కార్యక్రమంగా బడి ఆవరణలోకి వచ్చింది అప్పుడే. బోధన విషయంలో అసలైన మలుపు, దేశంలో విద్యను సమీక్షించిన కొఠారి కమిషన్ (1964-66) నివేదికతో వచ్చింది. కింది తరగతుల్లో విజ్ఞాన బోధన పిల్లల పరిసరాల మీదనే, అంటే వారి చుట్టూ ఉన్న సమాజం, భౌతిక ప్రపంచం, జీవజాలం మీదనే, కేంద్రీకృతం కావాలని ఆ నివేదిక సూచించింది. దాన్ని అందిపుచ్చుకుని, బడి పాఠ్యప్రణాళికలు, పుస్తకాలు తయారుచేసే జాతీయ సంస్థ ఎన్‌సీఈఆర్‌టీ, పదో తరగతి దాకా చదువు కోసం 1975లో తెచ్చిన పాఠ్యప్రణాళికా చట్రంలో ‘పరిసరాల అధ్యయనం’ ప్రాథమిక దశకు ఒక సబ్జెక్టుగా స్థిరపడింది. ఒకటి, రెండు తరగతుల్లో అంతా ఒక్కటే. మూడు నుంచి ఐదు దాకా మాత్రం రెండు ముక్కలు: సాంఘికం ఒకటి, సామాన్య శాస్త్రం ఒకటి. ఒక తరం తెలుగు పిల్లలు ‘పరిసరాల విజ్ఞానం-1’, ‘పరిసరాల విజ్ఞానం-2’ అని రెండు పుస్తకాలు మోసింది అందుకే. చెరువును ఒక పుస్తకంలో ఊరి ఆస్తిగా, మరో పుస్తకంలో నీటి వనరుగా చదివిన పిల్లలకు రెండూ ఒకే చెరువని చెప్పే బాధ్యత ఉపాధ్యాయుడికి మిగిలింది.

ఈలోగా రెండో దారి మొదలైంది. స్టాక్‌హోం సమావేశంలో 1972 జూన్ 14న ఇందిరా గాంధీ ప్రసంగించింది. 1977 అక్టోబరులో, అప్పటి సోవియట్ యూనియన్‌లోని తిబిలిసిలో, పర్యావరణ విద్య మీదనే ప్రత్యేకంగా ప్రభుత్వాల స్థాయి సమావేశం జరిగింది. ఈ రెండింటి మధ్య, ఎమర్జెన్సీ రోజుల్లో, 42వ రాజ్యాంగ సవరణ వచ్చింది. ఆ సవరణను ఇతర కారణాలతో తలచుకోవడం మనకు అలవాటు, కాని బడి విషయంలో అది చేసిన పనులు రెండూ పెద్దవే. 48ఏ అధికరణం ద్వారా పర్యావరణ రక్షణను రాజ్యానికీ, 51ఏ(జి) ద్వారా అడవులు, సరస్సులు, నదులు, వన్యప్రాణులను కాపాడటాన్ని, జీవుల పట్ల కరుణ చూపడాన్ని పౌరుడికీ అప్పగించింది. అదే సవరణ విద్యను రాష్ట్ర జాబితా నుంచి, కేంద్రం కూడా చట్టాలు చేయగల ఉమ్మడి జాబితాకు మార్చింది, అడవులనూ వన్యప్రాణి సంరక్షణనూ కూడా అలాగే మార్చింది. పర్యావరణం ప్రాథమిక విధి కావడం, బడి మీద ఢిల్లీకి అధికారం రావడం ఒకే కలం పోటుతో జరిగాయి. ఆ తర్వాత పర్యావరణ పాఠం చాలావరకు ‘మన కర్తవ్యం’ అనే స్వరంలో వినిపించడానికి ఇదొక ముఖ్య కారణమని నా అభిప్రాయం.

స్టాక్‌హోం సమావేశం జరిగిన 1972లోనే మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్ జిల్లాలో 16 బడుల్లో మరో ప్రయోగం మొదలైంది. పల్లె పిల్లలు ఆకులు సేకరించి, వాటి ఈనెలు పోల్చి, పొలాల్లో తిరిగి, తాము చూసినదాన్ని తామే రాసుకునే విజ్ఞాన బోధన అది. ఆరు నుంచి ఎనిమిది తరగతులకు ఉద్దేశించిన ఆ కార్యక్రమాన్ని 1982 నుంచి ఏకలవ్య సంస్థ నడిపింది, 2002లో రాష్ట్ర ప్రభుత్వం ఆపేసింది. మూతపడ్డా, పరిసరాలే ప్రయోగశాల అన్న మాటకు దేశంలో ఒక రుజువు మిగిలింది.

మన దగ్గర ఆ మాట వేరే రూపంలో వచ్చింది. 1980లలోనూ 1990లలోనూ ప్రాథమిక పాఠశాలల్లో పనిచేసిన ఉపాధ్యాయులను కదిలిస్తే ‘అపెప్’ ప్రస్తావన రాక మానదు. ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం అనే ఆ కార్యక్రమం బ్రిటన్ ప్రభుత్వ సహాయంతో 1984లో కొన్ని బడుల్లో ప్రయోగంగా మొదలై, 1989 నుంచి రాష్ట్రమంతటా విస్తరించింది. దానికి ఆరు బోధనా సూత్రాలు ఉండేవి. ఉపాధ్యాయుడే కృత్యాలు తయారుచేసుకోవడం, పిల్లలు చేస్తూ కనుగొంటూ నేర్చుకోవడం, వ్యక్తిగతంగానూ జట్లుగానూ తరగతి మొత్తంగానూ పనిచేయడం, పిల్లల మధ్య తేడాలను గుర్తించడం, పిల్లలు చేసినవాటిని గోడల మీద ప్రదర్శించి గదిని ఆసక్తికరంగా మార్చడం అయిదు. స్థానిక పరిసరాలను వినియోగించుకోవడం మరొకటి. ఇక్కడ గమనించవలసింది ఒకటుంది. పర్యావరణం అందులో ఒక సబ్జెక్టు కాదు, అన్ని సబ్జెక్టులకూ పనికొచ్చే పద్ధతి. లెక్కలకు చింతగింజలు, తెలుగుకు ఊళ్లో వినే పాటలు, పొడుపు కథలు, విజ్ఞానానికి బడి పక్కన గట్టు మీద మొలిచిన కలుపు మొక్కలు. ఉపాధ్యాయ కేంద్రాల్లో టీచర్లు నెలకోసారో రెండు నెలలకోసారో కలిసి, ఎవరెవరు ఏం చేశారో చెప్పుకునేవారు. ఆ పద్ధతిని మనస్ఫూర్తిగా తీసుకున్నవాళ్లూ ఉన్నారు. తనిఖీ అధికారి వచ్చే ముందు రోజు గోడలకు ఆకులు అతికించినవాళ్లూ ఉన్నారు. నిధులు ఆగాక పథకం ఆగింది. ఇప్పటి శిక్షణ తరగతుల్లో వినిపించే ‘కృత్యాధార బోధన’ అనే మాట చాలావరకు ఆ కాలపు వారసత్వమే.

దాదాపు అదే కాలంలో మదనపల్లె దగ్గర రిషి వ్యాలీలో జరిగిన పని కూడా ఈ కథలో భాగమే. జిడ్డు కృష్ణమూర్తి స్థాపించిన ఆ పాఠశాల చుట్టూ ఉన్న బోడికొండల మీద ఏళ్ల తరబడి చెట్లు పెంచారు. 1991లో ఆ లోయను పక్షుల రక్షిత ప్రాంతంగా ప్రకటించారు. అరుదైన పసుపు గొంతు పికిలిపిట్ట అక్కడి రాళ్ల గుట్టల్లో కనిపిస్తుంది. అది సంపన్నుల బడి కదా, దాన్ని చూసి ఊరి బడి నేర్చుకునేదేముంటుంది అనే ప్రశ్న న్యాయమైనదే. దానికి సమాధానంగా అక్కడి గ్రామీణ విద్యా కేంద్రం చుట్టుపక్కల పల్లెల్లో ఏకోపాధ్యాయ బడులు నడిపింది. అయిదు తరగతులు ఒకే గదిలో ఉన్నా ఎవరి వేగంలో వారు నేర్చుకునేలా కార్డులు తయారుచేసి, వాటిలో అక్కడి మొక్కలను, కథలను, పాటలను ఉంచింది. ఆ పద్ధతి తర్వాత ఇతర రాష్ట్రాలకూ వెళ్లింది.

ఇక కోర్టు సంగతి. 1986 జాతీయ విద్యావిధానం పర్యావరణ రక్షణను దేశమంతటికీ ఉమ్మడిగా ఉండవలసిన పది పాఠ్యాంశాల్లో ఒకటిగా చేర్చింది. విధానం విధానంగానే ఉండగా, న్యాయవాది ఎం.సి. మెహతా వేసిన పిటిషన్ మీద సుప్రీంకోర్టు 1991 నవంబరు 22న తీర్పు ఇచ్చింది. సినిమా హాళ్లలో ప్రతి ఆటకూ పర్యావరణం మీద ఉచితంగా స్లైడులు వేయాలని, రేడియో, దూరదర్శన్ రోజూ కొన్ని నిమిషాలు కేటాయించాలని, బడుల్లో పర్యావరణ విద్యను తరగతుల వారీగా తప్పనిసరి చేయాలని ఆదేశించింది. హాల్లో దీపాలు ఆరాక బొమ్మ కోసం ఎదురుచూసే ప్రేక్షకులకు ఆ స్లైడులు ఎంత ఎక్కాయో గాని, బడుల ఆదేశం పన్నెండేళ్ల దాకా పెద్దగా కదల్లేదు. మెహతా మళ్లీ కోర్టుకు వెళ్లాక, 2003 డిసెంబరులో ఎన్‌సీఈఆర్‌టీని నమూనా ప్రణాళిక తయారుచేయమని కోర్టు ఆదేశించింది. ఒకటి నుంచి పన్నెండో తరగతి దాకా తయారైన ఆ ప్రణాళికను అన్ని రాష్ట్రాలూ అనుసరించాలని 2004 జులైలో చెప్పింది.

అక్కడే పాత వివాదం కొత్తగా లేచింది. పర్యావరణం విడి సబ్జెక్టు కావాలా, అన్ని సబ్జెక్టుల్లో కలిసిపోవాలా? విడిగా ఉంటే దానికో పీరియడు, ఓ పుస్తకం, ఓ పరీక్ష వస్తాయి, పరీక్ష వచ్చిందంటే బట్టీ వస్తుంది. కలిపేస్తే ఎవరి బాధ్యతా కాకుండా పోతుంది. బడి సంచి బరువు మీద శాస్త్రవేత్త యశ్‌పాల్ నేతృత్వంలోని కమిటీ 1993లో చేసిన హెచ్చరిక ఇంకా చెవుల్లో ఉన్న రోజులవి. ఆయన అధ్యక్షతనే రూపొందిన 2005 జాతీయ ప్రణాళికా చట్రం ప్రాథమిక దశ వరకు ఒక తెలివైన పరిష్కారం చూపింది. మూడు నుంచి ఐదు తరగతుల దాకా సాంఘికం, విజ్ఞానం, పర్యావరణం మూడూ కలిసిన ఒకే పుస్తకం. ఒకటి, రెండు తరగతులకు అసలు పుస్తకమే లేదు, భాషలోనూ లెక్కల్లోనూ అంతర్లీనంగా చెప్పాలి. సిలబస్‌లో ఆరు ఇతివృత్తాలు: కుటుంబం-స్నేహితులు, ఆహారం, ఇల్లు, నీరు, ప్రయాణం, మనం చేసే వస్తువులు-పనులు. వీటిలో మొక్కలు, జంతువులు ఎక్కడున్నాయని వెతికితే ‘కుటుంబం-స్నేహితులు’ కింద కనిపిస్తాయి. పిల్లల మనసు తెలిసినవాళ్లు చేసిన పని అది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2011లో రూపొందించుకున్న రాష్ట్ర ప్రణాళికా చట్రం, దాని వెంట వచ్చిన పరిసరాల విజ్ఞానం పుస్తకాలు కూడా ఆ బాటలోనే నడిచాయి. పాఠం మధ్యలో ‘మీ ఊళ్లో అడిగి తెలుసుకోండి’, ‘జట్లలో చర్చించండి’ అన్న ప్రశ్నలు వచ్చాయి. వాటికి జవాబులు అచ్చేసిన గైడ్లు కూడా బజారులోకి వచ్చాయి, అది వేరే కథ.

బడి బయట నడిచిన ప్రభుత్వ కార్యక్రమాల్లో ముఖ్యమైనది 2001-02లో కేంద్ర పర్యావరణ శాఖ మొదలుపెట్టిన జాతీయ హరిత దళం. జిల్లాకు 250 బడుల వరకు ఎకో క్లబ్బులు పెట్టి, ఒక్కో బడికి ఏడాదికి కొద్దిపాటి సొమ్ము ఇచ్చారు. ఇవి ఎక్కువగా ఉన్నత పాఠశాలలకే చేరాయి కనుక, ఏడేళ్ల పిల్లకు వీటితో పని పడింది తక్కువ.

చట్టం మాటలో గాని బోధన మాటలో గాని చాలాకాలం చోటు దొరకనిది మరొకటి ఉంది. ఉట్నూరు, పాడేరు, భద్రాచలం ఏజెన్సీల్లో పిల్లలు బడికి వచ్చేసరికే ఏ దుంప తినవచ్చో, ఏ ఆకు విషమో, ఏ పిట్ట ఏ కాలంలో కూస్తుందో తెలుసుకుని వస్తారు. ఆ తెలివి వాళ్ల భాషలో ఉంటుంది, బడి భాష వేరు. 2004లో ఉమ్మడి రాష్ట్రం గోండి, కొలామి, కోయ, కువి, కొండ, సవర, లంబాడీ, ఆదివాసీ ఒడియా అనే ఎనిమిది భాషల్లో బహుభాషా విద్య ప్రారంభించినప్పుడు, ఆ ఊళ్ల కథలు, పాటలు, పంటలు వాచకాల్లోకి వచ్చాయి. పర్యావరణ విద్య చరిత్ర రాసేవాళ్లు దీన్ని సాధారణంగా భాషా విషయంగా వదిలేస్తారు. నాకు మాత్రం ఇది ఆ చరిత్రలోని అతి ముఖ్యమైన పుటల్లో ఒకటిగా తోస్తుంది.

2020 జాతీయ విద్యావిధానం తర్వాత వచ్చిన 2023 పాఠశాల ప్రణాళికా చట్రం మూడు నుంచి ఐదు తరగతులకు ‘మన చుట్టూ ఉన్న ప్రపంచం’ అనే పేరుతో ఈ సబ్జెక్టును కొనసాగించింది. మరోవైపు 2021లో మొదలైన కేంద్ర కార్యక్రమం నిపుణ్ భారత్ లక్ష్యం చదవడం, రాయడం, లెక్కలు. అది అవసరమే, కాని ఒకరిద్దరు టీచర్లతో నడిచే బడిలో వాటికి అదనపు సమయం ఎక్కడి నుంచి వస్తుందంటే, తరచుగా పరిసరాల విజ్ఞానం పీరియడు నుంచే. 2024 జూన్ 5న ప్రారంభమైన ‘ఏక్ పేడ్ మా కే నామ్’ (అమ్మ పేరున ఒక చెట్టు)తో మొక్కలు నాటే కార్యక్రమం మరోసారి బడులకు వచ్చింది.

2005 చట్రం కోసం పనిచేసిన బృందాల్లో ఒకటి ‘ఆవాసం-అభ్యసనం’ మీద నివేదిక ఇచ్చింది. పర్యావరణ శాస్త్రవేత్త మాధవ్ గాడ్గిల్ దానికి అధ్యక్షుడు. పిల్లలు తమ ఊరి నీళ్లు, చెట్లు, పురుగులు, పిట్టల వివరాలను ప్రాజెక్టులుగా సేకరించి, అందరికీ పనికొచ్చేలా నమోదు చేయాలన్నది అందులో ముఖ్య సూచన. ఆ పనికి చోటు కూడా ఇప్పటికే ఉంది. 2002 జీవవైవిధ్య చట్టం ప్రకారం ప్రతి స్థానిక సంస్థలోనూ ఒక జీవవైవిధ్య యాజమాన్య కమిటీ, ఆ ఊరి జీవజాలాన్ని నమోదు చేసే ఒక ప్రజా జీవవైవిధ్య రిజిస్టరు ఉండాలి. పర్యావరణ కేసులు చూసే జాతీయ హరిత ట్రిబ్యునల్ గడువు పెట్టాక చాలా పంచాయతీలకు ఆ రిజిస్టర్లు హడావుడిగా తయారయ్యాయి. మన పల్లెల్లో పంచాయతీ ఆఫీసు, ప్రాథమిక పాఠశాల తరచుగా ఒకే వీధిలో, కొన్నిచోట్ల ఒకే ఆవరణలో ఉంటాయి. ఆ రిజిస్టరును నాలుగో తరగతి పిల్లలకు ఇచ్చి, ఇందులో రాసిన చెట్లన్నీ ఊళ్లో ఉన్నాయో లేదో చూసి రమ్మనడానికి కొత్త చట్టం గాని, కొత్త పుస్తకం గాని అక్కర్లేదు.