కొండల నడుమ కడప, ఊరి మధ్యలో బుగ్గవంక

అక్టోబర్, నవంబర్ నెలల్లో తుపాను వార్త వస్తే చాలు, కడపలో నాగరాజుపేట, రవీంద్రనగర్ వైపు జనం ఊరి మధ్యలో పారే బుగ్గవంక అనే వాగులో నీళ్లు ఎంత పైకి వచ్చినాయో చూసుకుంటా ఉంటారు. ఎండకు పేరుపడ్డ ఊరికి ఈ వరద భయం ఏంది అని బయటోళ్లు అడుగుతారు, దానికి ఊరి పాత కథ చెప్పాల్సిందే.

కడపకు దక్షిణాన పాలకొండలు, పెన్న దాటితే లంకమల, నల్లమల. దాదాపు మూడు దిక్కులా కొండలే. సీకే దిన్నె (చింతకొమ్మదిన్నె) వైపు పాలకొండల్లో పడిన వాన బుగ్గవంకలోకి దిగి, ఊరి మధ్యలోంచి పోయి, ఉత్తరాన పెన్నలో కలుస్తాది. కొండ దగ్గర, ఊరు దగ్గర, అందుకే గట్టి వాన పడితే వరద రావడానికి పెద్ద టైమ్ పట్టదు.

ఈ ఊరు ముందు దేవుని కడప, తిరుమలకు పోయే భక్తులు ఆగే చోటు. ఆ తర్వాత మయానా నవాబులకు రాజధాని అయింది. 1800లో నిజాం దత్తమండలాలను, అంటే ఇప్పటి రాయలసీమ వైపు జిల్లాలను, ఈస్టిండియా కంపెనీకి అప్పజెప్పినాక కలెక్టరుగా థామస్ మన్రో వచ్చినాడు, 1808లో బళ్లారి, కడప అని రెండు జిల్లాలు చేసినారు. మొదట్లో జిల్లా ఆఫీసులు పెన్న ఒడ్డున సిద్ధవటంలో ఉండేవి, తర్వాత కడపకు మారినాయి, నా లెక్కలో ఊరి తలరాత మారింది అక్కడే. ఆఫీసులు వస్తే ప్లీడర్లు, గుమాస్తాలు, వ్యాపారులు అందరూ వస్తారు కదా. తెలుగు నిఘంటువు రాసిన సీపీ బ్రౌన్ కూడా 1820లో ఉద్యోగానికే వచ్చినాడు, ఆయన బంగ్లా ఉన్న చోటే ఇప్పుడు లైబ్రరీ ఉంది. 1860ల్లో మద్రాసు నుంచి బొంబాయి వైపు రైలు, 1868లో మున్సిపాలిటీ. 2004లో కార్పొరేషన్ అయింది, 2011 లెక్కల్లో జనాభా సుమారు 3.44 లక్షలు.

ఇంత మంది ఎక్కడ ఉండాల? ఊరి నడుమ ఉంటే పనికి, బజారుకు దగ్గర, వంక పక్కన జాగా చవక, ఏడాదిలో ఎక్కువ రోజులు అందులో పారేది మురుగునీళ్లే కాబట్టి భయం కూడా పోయింది. అట్లా ఇళ్లు గట్టు దాకా వచ్చేసినాయి. ఇది కట్టుకున్నోళ్ల తప్పు అని నేను అనను, పేదోళ్లకు వేరే చోటు చూపించిందెవరు?

2001 అక్టోబర్‌లో వంక పొంగి ఊర్లోకి వచ్చింది, ప్రాణాలు పోయినాయి, ఇళ్లు పోయినాయి. ఆ దెబ్బతోనే వంకకు రెండు పక్కలా రక్షణ గోడల పని మొదలైంది. అయినా 2020 నవంబర్‌లో నివర్ తుపానుకు, పైన బుగ్గవంక ప్రాజెక్టు గేట్లు ఎత్తేసరికి మళ్లీ కాలనీలు మునిగినాయి.

గోడలు కావాల్సిందే, కానీ అవి వంక నీళ్లనే ఆపుతాయి. ఊర్లో పడిన వాన కూడా డ్రైన్ల గుండా అదే వంకలోకి దిగాల, వంక నిండుగా ఉంటే ఆ నీళ్లు వెనక్కి తన్నుకొని వీధుల్లోకే వస్తాయి. కాబట్టి పూడిక తీయడం, గట్టు మీద ఇళ్లకు సరైన ప్రత్యామ్నాయం చూపించడం, గేట్లు ఎత్తే ముందు కింద ఉండేవాళ్లకు సామాన్లు సర్దుకునేంత టైమ్ ఉండేట్టు చెప్పడం, ఈ మూడూ తుపాను వచ్చినాక కాదు, ఎండాకాలంలోనే జరగాల.