కోత కంటే ముందు గంట చూసే సర్జన్లు

నల్లగొండ

బిడ్డలారా,

ఎమర్జెన్సీ సర్జన్ అంటే యాక్సిడెంట్లు చూసే డాక్టరేనా అని అడిగారు. యాక్సిడెంట్లూ చూస్తారు. చిట్యాల, నకిరేకల్ మీదుగా 65వ నంబరు హైవే పోయే మన జిల్లాలో ఆ పనికి కొదవ లేదు. కానీ పగిలిన అపెండిక్స్, మెలిపడ్డ పేగు, చిల్లుపడ్డ పుండు కూడా వాళ్ల దగ్గరికే వస్తాయి. మెడికల్ కాలేజీలో ఉన్న సర్జన్ వీటికి తోడు పాఠాలు చెప్పాలి, పరిశోధన చేయాలి.

చిల్లు సంగతే చూడండి. పొట్ట దాటగానే ఉండే పేగు మొదటి భాగంలో పుండు పడుతుంది. హెలికోబాక్టర్ పైలోరి అనే సూక్ష్మజీవి, పొగ తాగడం, ఒంటినొప్పులకు తోచినప్పుడల్లా మింగే డైక్లోఫెనాక్ లాంటి గోళీలు దాన్ని ముదిరిస్తాయి. ఒకరోజు అది చిల్లుపడి, పొట్టలోని యాసిడ్ పేగుల మధ్యకు కారుతుంది. నొప్పి ఒక్కసారిగా మొదలై, కడుపు చెక్కలా బిగుసుకుంటుంది. చాలామంది దాన్ని గ్యాస్ అనుకుని ఇంట్లోనే రాత్రంతా గడిపేస్తారు. ఆలోగా చీము పట్టి, విషం రక్తంలోకి ఎక్కుతుంది.

ఆస్పత్రిలో నిలబెట్టి తీసిన ఛాతీ ఎక్స్‌రేలో ఊపిరితిత్తుల కింద నల్లటి గాలి గీత కనిపిస్తే చాలావరకు అనుమానం తీరినట్టే. అయితే కొందరిలో చిల్లు ఉన్నా ఆ గాలి కనిపించదు, అందుకే ఎక్స్‌రే బాగుందని పేషెంటును ఇంటికి పంపకూడదు. వెంటనే కత్తి పట్టరు కూడా. ముందు సెలైన్, యాంటీబయాటిక్స్ ఎక్కించి, ముక్కు గొట్టంతో పొట్ట ఖాళీ చేస్తారు. మూత్రం గంటకు కిలో బరువుకు అర మిల్లీలీటరన్నా వస్తోందా అని కొలుస్తారు.

ఆపరేషన్‌లో చిల్లు మీదుగా మూడు నాలుగు కుట్లు వేసి, పేగుల ముందు వేలాడే కొవ్వు పొరను లాగి అక్కడ పెట్టి ముడి వేస్తారు. టొరంటో సర్జన్ రాస్కో గ్రాహం 1937లో వివరించిన పద్ధతికి ఇది దగ్గర. ముడి మరీ బిగిస్తే కొవ్వుకు రక్తం అందక చచ్చిపోతుంది, వదులుగా ఉంటే మళ్లీ కారుతుంది. తర్వాత గోరువెచ్చని సెలైన్‌తో లీటర్ల కొద్దీ కడుగుతారు. చల్లటిదైతే ఒళ్లు చల్లబడి రక్తం సరిగా గడ్డకట్టదు.

ఇక పరిశోధన. నా దృష్టిలో దీనికి మందుల కంటే ముందు కావాల్సింది సరిగ్గా రాసిన కేస్ షీట్. నొప్పి 'పొద్దుగాల నుంచి' అని రాస్తే లెక్కకు పనికిరాదు. నొప్పి మొదలైన గంట, ఆస్పత్రికి చేరిన గంట, కోత పెట్టిన గంట మూడూ కావాలి. డిశ్చార్జి అయిన మనిషి పనికోసం పట్నం పోయి ఫోన్ నంబరు మార్చేస్తే నెల తర్వాత ఎలా ఉన్నాడో తెలియదు. అలాంటివాళ్లను వదిలేసి లెక్కేస్తే ఫలితం ఉన్నదానికంటే మంచిగానో చెడ్డగానో కనిపిస్తుంది.

గంటలు రాసుకుంటే ఏమొస్తుందో చెప్పే పెద్ద పరిశోధన క్రాష్-2. 2010లో వెలువడింది. 40 దేశాల్లో, మన దేశంలో కూడా, గాయాలతో రక్తం పోతున్న 20,211 మందిని చేర్చారు. సగం మందికి రక్తస్రావాన్ని తగ్గించే ట్రానెక్సామిక్ యాసిడ్ అనే మందు ఒక గ్రాము పది నిమిషాల్లో, మరో గ్రాము ఎనిమిది గంటల్లో ఎక్కించారు. మిగతావారికి మందులేని ద్రవం. ఎవరికి ఏది అన్నది డాక్టర్ ఇష్టం కాదు, చీటీ తీసినట్టు నిర్ణయమైంది. మరణాలు నూటికి 16 నుంచి 14.5కు తగ్గాయి. గాయమై మూడు గంటలు దాటాక ఇస్తే మాత్రం రక్తస్రావంతో చనిపోయే ముప్పు పెరిగినట్టు తేలింది. అంటే గంట రాయకపోతే ఆ మందు ఎవరికి మేలో, ఎవరికి కీడో తెలిసేది కాదు.

దారి పొడవే. బైపీసీ, నీట్, నాలుగున్నరేళ్ల ఎంబీబీఎస్, ఏడాది ఇంటర్న్‌షిప్, మళ్లీ నీట్ పీజీ, మూడేళ్ల ఎంఎస్ జనరల్ సర్జరీ. అందులో థీసిస్, అంటే సొంతంగా చేసిన పరిశోధన రాసివ్వడం, తప్పనిసరి. దానికి ముందు పరిశోధనలో రోగులకు అన్యాయం జరగకుండా చూసే ఎథిక్స్ కమిటీ అనుమతి తీసుకోవాలి.

డాక్టర్ కాకున్నా మీరు చేయగలిగేది ఒకటుంది. ఇంట్లో ఎవరికైనా కడుపునొప్పి గట్టిగా వస్తే తినడానికి, తాగడానికి ఏమీ ఇవ్వకండి. 108కి ఫోన్ చేయండి. నొప్పి ఎప్పుడు మొదలైంది, చివరిసారి ఎప్పుడు తిన్నారు, ఏ గోళీలు వాడుతున్నారు అన్నది కాగితం మీద రాసి డాక్టర్ చేతికివ్వండి.

మీ పెద్దనాన్న