ఫొటో పంపి మొక్క పేరడిగేవాళ్లకు: లూకా గినీ గురించి అపోహలు - వాస్తవాలు

హెర్బేరియంలో, అంటే ఎండబెట్టిన మొక్కల్ని కాగితాలకు అంటించి దాచే సేకరణలో, ఉద్యోగమని తెలిస్తే చాలు, వాట్సాప్‌లో ఆకుల ఫొటోలు వచ్చిపడతాయి. "ఇది తిప్పతీగేనా సార్? తాగొచ్చా?" పూత ఉండదు, కాయ ఉండదు.

అపోహ: బొమ్మ ఉంటే చాలు. మొక్కల్ని ఎండబెట్టి అంటించడం స్కూలు పిల్లల ప్రాజెక్టు.

వాస్తవం: ఆ పనిని మొదలుపెట్టినవాడిగా చెప్పేది ఒక వైద్యుణ్ణి. లూకా గినీ, 1490లో ఇటలీలోని ఇమోలా దగ్గర పుట్టి, బొలోన్యాలో వైద్యవిద్యార్థులకు ఔషధ మొక్కల పాఠం చెప్పాడు. అప్పటి వైద్యులకు ఆధారం ప్రాచీన గ్రీకు వైద్యుడు డియోస్కోరిడీస్ ఔషధ మొక్కల మీద రాసిన గ్రంథం. అందులోని గ్రీకు మొక్కా తమ పొలంలో మొక్కా ఒకటేనా అన్నది తేలక తలపట్టుకునేవాళ్లు. చూసి గీసిన బొమ్మనే మళ్లీ మళ్లీ చూసి గీస్తే ఏం మిగులుతుంది? గినీ మొక్కనే కాగితాల మధ్య నొక్కి, ఆరబెట్టి, జిగురుతో అంటించాడు. చలికాలంలోనూ పాఠం చెప్పొచ్చు, దూరానికీ పంపొచ్చు. 1551లో మత్తియోలీ అనే వైద్యుడికి అలాగే పంపాడు.

ఎండిన పువ్వును వేడినీళ్లలో వేస్తే కాసేపటికి మెత్తబడుతుంది. సూదితో రేకులు విప్పి కేసరాలు లెక్కపెట్టొచ్చు, అండాశయం కోసి చూడొచ్చు. ఫొటోతో ఆ పని చేయండి చూద్దాం!

ఆమధ్య ఒకావిడ ఏడుస్తూ ఫోన్ చేశారు. ఎవరో ఫార్వర్డ్ చేసిన బొమ్మ చూసి వాళ్లమ్మగారు కంచె మీది తీగ కోసి కషాయం తాగేశారట. "టెన్షన్ పడకండమ్మా, మిగిలిన తీగ ముక్క కూడా పట్టుకుని వెంటనే ఆసుపత్రికి వెళ్లండి" అన్నాను. వాళ్లమ్మగారికి ఏమీ కాలేదు. నా కోపమంతా ఆ ఫార్వర్డ్ చేసినవాళ్ల మీదే. తిప్పతీగలాంటి ఆకున్న తీగలు మన కంచెల మీద బోలెడు.

అపోహ: పుస్తకం రాయలేదు కాబట్టి గినీ గొప్పవాడేం కాదు.

వాస్తవం: బతికుండగా ఏదీ అచ్చు వేయించని మాట నిజమే. తనూ మొక్కల మీద పుస్తకం రాద్దామనుకున్నా, మత్తియోలీ పుస్తకం ముందే రావడంతో తన నోట్సు ఆయనకే ఇచ్చేశాడు. ఈ రోజుల్లో ఎవరిస్తారండీ? తర్వాత పేరుమోసిన వృక్షశాస్త్రజ్ఞులు ఆల్డ్రోవాండీ, చెసాల్పీనో గినీ శిష్యులే.

అపోహ: మొదటి విశ్వవిద్యాలయ వృక్షోద్యానం ఇటలీలోని పాడువాది.

వాస్తవం: గినీ పీసాలో 1543-44 ప్రాంతంలోనే వేశాడు. పాడువాది 1545. కాకపోతే పీసా తోట తర్వాత చోటు మారింది, పాడువా తోట మాత్రం ఉన్నచోటే ఉంది.

గినీ స్వయంగా చేసిన హెర్బేరియం ఇప్పుడు లేదు. చెసాల్పీనో 1563లో 768 మొక్కలతో చేసినది ఫ్లోరెన్స్‌లో భద్రంగా ఉంది.