పాత పడవ మోటారు మరమ్మతులో జతల లెక్క

ఒకే నమూనాకు చెందిన రెండు పాడైన అవుట్‌బోర్డ్ మోటార్లు చేతికి వచ్చినప్పుడు, రెంటినీ విప్పి బాగున్న భాగాలను ఏరి ఒక మంచి మోటారును కూర్చవచ్చునని ఎవరికైనా తోస్తుంది. లెక్క పైకి సరిగ్గానే కనిపిస్తుంది గాని, అలా కూర్చిన మోటారు మొదటి గంటలోనే పట్టేసినా ఆశ్చర్యం లేదు. అరుగుదల ఎప్పుడూ ఒరుసుకునే రెండు భాగాల మధ్య జరుగుతుంది. ఏళ్ల తరబడి కలిసి తిరిగిన భాగాలు ఒకదాని ఆకారాన్ని మరొకటి పుణికిపుచ్చుకుంటాయి. అందువల్ల పాత సామాను ముందు కూర్చున్నవాడు ఏ భాగం బాగుందని కాక, ఏ భాగం దేనితో జతగా బాగుందని అడగాలి.

పడవ వెనుక పలకకు బిగించి, పని ముగిశాక విప్పి మోసుకుపోగల ఈ యంత్రాన్ని 1909లో అమెరికాలో అమ్మకానికి తెచ్చినవారిలో ఓలె ఎవిన్‌రూడ్ ముఖ్యుడు. ఆయన తొలి మోటారు శక్తి ఒకటిన్నర అశ్వశక్తి, బరువు సుమారు 28 కిలోలు. ఆ తరువాత దశాబ్దాల పాటు వచ్చిన చిన్న మోటార్లలో అత్యధికం టూ స్ట్రోక్ రకానివే, అంటే పిస్టన్ ఒక్కసారి ఎక్కిదిగేలోపే ఒక పని చక్రం పూర్తయ్యేవే. వీటిలో పెట్రోలు, గాలి కలిసిన మిశ్రమం ముందుగా పిస్టన్ కింద ఉన్న క్రాంక్‌కేసులోకి చేరి, దిగివచ్చే పిస్టన్ ఒత్తిడికి అక్కడి నుంచి పైనున్న సిలిండరులోకి ఎక్కుతుంది. అంటే క్రాంక్‌కేసు ఇరుసును మోసే పెట్టె మాత్రమే కాదు, అదొక పంపు కూడా. ఫోర్ స్ట్రోక్ ఇంజనులో క్రాంక్‌షాఫ్ట్ అనే ఇరుసు చుట్టూ ఉండే రబ్బరు ఆయిల్ సీల్ అరిగితే నాలుగు చుక్కల నూనె కారుతుంది. ఇక్కడ అదే సీల్ అరిగితే బయటి గాలి లోపలికి చొరబడి మిశ్రమంలో పెట్రోలు పాలు తగ్గుతుంది, మంట వేడి పెరుగుతుంది, చివరకు పిస్టన్ తలకు రంధ్రం పడవచ్చు. కొన్ని గ్రాముల రబ్బరు ముక్క మొత్తం ఇంజన్ ప్రాణం తీయడమంటే ఇదే. అందుకే పాత మోటారు నుంచి తీసిన సీళ్లు, గ్యాస్కెట్లు (అతుకుల మధ్య పెట్టే పలుచని పొరలు), రబ్బరు గొట్టాలు ఎంత బాగా కనిపించినా తిరిగి వాడకూడదు.

సిలిండరు దగ్గర కంటిచూపును నమ్మితే మోసపోతాము. పిస్టన్ చుట్టూ ఉండే రింగులు పైకొసన ఆగి వెనుదిరిగే చోట వేడి ఎక్కువ, నూనె పొర పలుచన. కాబట్టి గోడ అక్కడ ఎక్కువగా, కిందివైపు తక్కువగా అరుగుతుంది. పైగా పిస్టన్‌ను క్రాంక్‌షాఫ్ట్‌తో కలిపే కనెక్టింగ్ రాడ్ పక్కకు తోసే దిశలో అరుగుదల పెరిగి గుండ్రని బోరు (సిలిండరు లోపలి రంధ్రం) కొద్దిగా కోలగా మారుతుంది. బోర్ గేజితో పైన, నడుమ, కింద, ప్రతిచోటా రెండు అడ్డ దిశల్లో కొలిస్తేనే ఈ సంగతి బయటపడుతుంది. అల్యూమినియం పిస్టన్ ఇనుప గోడ కంటే వేడికి ఎక్కువగా ఉబ్బుతుంది: 60 మిల్లీమీటర్ల వ్యాసం ఉన్న పిస్టన్ తల 180 డిగ్రీల సెల్సియస్ మేర వేడెక్కితే దాదాపు పావు మిల్లీమీటరు పెరుగుతుంది. పిస్టన్ పైభాగాన్ని అడుగుభాగం కంటే కాస్త సన్నగా చెక్కేది ఇందుకే. మరో మోటారులో అరిగిన పిస్టన్‌ను ఈ బోరులో దించినప్పుడు ఖాళీ తక్కువైతే వేడికి పట్టేస్తుంది, ఎక్కువైతే టకటకలాడుతూ రింగులను విరుస్తుంది. బోరు పెద్దది చేయించి, దానికి సరిపడే ఓవర్‌సైజ్ పిస్టన్ వేయడం ఖర్చుతో కూడిన పనే అయినా, నా దృష్టిలో డబ్బు వెచ్చించదగిన మొదటి చోటు అదే.

కనెక్టింగ్ రాడ్ సంగతి ఇంకా నిక్కచ్చిగా ఉంటుంది. చాలా మోటార్లలో రాడ్‌ను ఒకే ముక్కగా తయారు చేసి, క్రాంకును పట్టుకునే పెద్ద కన్నును కావాలనే రెండుగా విరుస్తారు; విడివడిన ముక్క దానికి మూత అవుతుంది. విరిగిన కుండ పెంకు తన తోడి పెంకుతోనే అతికినట్లు ఆ మూత తన రాడ్‌తోనే, అదీ మొదటి దిశలోనే, సరిగ్గా కూర్చుంటుంది.

ఉప్పునీటిలో తిరిగిన మోటారును విప్పడం వేరే కథ. ఇక్కడి జత రెండు లోహాలది. అల్యూమినియం ఒంటికి ఉక్కు బోల్టు బిగించి ఉప్పునీరు తగిలిస్తే అది చిన్న విద్యుత్ ఘటంలా పనిచేసి, అల్యూమినియం కరిగిపోతూ మర చుట్టూ తెల్లని పొడిగా పేరుకుంటుంది. ఆ పొడి లోహం కంటే ఎక్కువ చోటు ఆక్రమించడం వల్ల బోల్టు బిర్రబిగుసుకుంటుంది. బలం చూపితే బోల్టు తల తెగిపోతుంది; వేడి చూపితే పని జరుగుతుంది. 8 మిల్లీమీటర్ల రంధ్రం చుట్టూ అల్యూమినియంను 150 డిగ్రీల మేర వేడిచేస్తే రంధ్రం సుమారు 0.028 మిల్లీమీటర్లు పెరుగుతుంది, మామూలు ఉక్కు బోల్టు మాత్రం దాదాపు అందులో సగమే. స్టెయిన్‌లెస్ స్టీలు అంతకంటే ఎక్కువగా ఉబ్బుతుంది కాబట్టి మధ్య తేడా తగ్గి, అది మరింత మొండికేస్తుంది. తిరిగి బిగించేటప్పుడు మరలకు గ్రీజు పూయడం, అరిగిపోయిన జింకు దిమ్మను మార్చడం తప్పనిసరి. లోహాల జతలో ముందుగా కరిగిపోయేందుకే ఆ జింకును అక్కడ పెడతారు.

కింది గేర్ పెట్టెలో నూనె పాలలా తెల్లబడి ఉంటే నీరు చేరిందని అర్థం. పినియన్ అనే చిన్న గేరు, దానితో కలిసే పెద్ద గేరు పళ్లు ఒకదానికొకటి అరిగి ఉంటాయి కనుక, పనికివచ్చేట్లుంటే రెంటినీ ఒకే మోటారు నుంచి తీసుకోవాలి. ఇంజనును చల్లబరిచే నీటి పంపులోని రెక్కల చక్రం, అంటే ఇంపెల్లర్, విషయంలో ఆలోచన అక్కరలేదు, కొత్తదే వేయాలి: ఏళ్ల తరబడి ఒకే చోట ఆగిన రబ్బరు రెక్కలు వంగిన రూపంలోనే గట్టిపడి, నెమ్మదిగా తిరిగేటప్పుడు నీటిని తోడలేవు. ప్రొపెల్లర్ షియర్ పిన్ స్థానంలో గట్టి మేకు దూర్చడం మాత్రం పొదుపు పేరుతో చేసే పొరపాటు, ఎందుకంటే దెబ్బ తగిలినప్పుడు గేర్లకు బదులుగా విరగడమే ఆ మెత్తని పిన్ను పని.

పెట్రోలులో కలిపే నూనె పాళ్లు కూడా భాగాల వెంటే వస్తాయి. ఇరుసు తిరిగే చోట కంచు బుష్‌లు (గొట్టాల్లాంటి తొడుగులు) ఉన్న పాత మోటార్లకు 24 పాళ్ల పెట్రోలుకు ఒక పాలు నూనె కావలసి వస్తే, సూదుల్లాంటి సన్నని రోలర్ల నీడిల్ బేరింగులున్న తరువాతి తరం మోటార్లకు 50 పాళ్లకు ఒకటి చాలింది. బ్రిటిష్ సీగల్ కంపెనీ పాత మోటార్లయితే పది పాళ్లకు ఒకటి తాగేవి. వేరే మోటారు నుంచి తెచ్చిన మూతమీద రాసి ఉన్న పాళ్లను నమ్మి నూనె కలిపితే లోపలి బుష్‌లు ఎండిపోతాయి.

అన్నీ బిగించాక మొదటి పరుగు నీళ్ల పీపాలోనే జరగాలి. పంపు నీరు తోడుతున్నదని చెప్పే సన్నని ధార బయటికి రాకపోతే వెంటనే ఆపివేయాలి. చల్లారాక సిలిండరు పైమూత (హెడ్) బోల్టుల బిగువును మళ్లీ సరిచూసి, ప్రతి సిలిండరు కంప్రెషన్‌ను (లోపల చేరే ఒత్తిడిని) కొలిచి రాసుకోవాలి. కొత్త రింగులు హోనింగ్ గీతలున్న (గరుకు రాయితో రుద్దిన) గోడకు ఇంకా పూర్తిగా ఒరుసుకోలేదు కాబట్టి ఆ అంకె మొదట కాస్త తక్కువగా ఉంటుంది. భారం మారుస్తూ కొన్ని గంటలు నడిపాక మళ్లీ కొలిస్తే పెరుగుతుంది.